కళ్ల కింద నలుపు – కారణాలు, నివారణ



పొద్దున్నే కుళాయిల దగ్గర పళ్లు తోముకునేటప్పుడు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోండి. మనలో చాలామందికి కళ్ల కింద నల్లటి చారలు కనిపిస్తాయి. కిందటి ఏడాది మా తరగతిలో ఒక అమ్మాయికి అవి బాగా ఎక్కువగా వుండేవి. అందరూ ఆమెను "గుడ్లగూబ" అని పిలిచేవాళ్లు. ఆ పేరు పెట్టింది నేనే. ఆ సంగతి చివర చెబుతాను. ముందు పాఠం.

నలుపు ఎందుకు కనిపిస్తుంది?

మన ఒంటి మీద చర్మం అన్నిచోట్లా ఒకే మందంలో వుండదు. అరికాలి చర్మం మందం. కనురెప్పల చర్మం చాలా పలుచన, సుమారు అర మిల్లీమీటరే. దాని కింద కొవ్వు కూడా తక్కువ. అందుచేత లోపలి సన్నని రక్తనాళాలు పైకి నీలంగా, నల్లగా కనబడతాయి. పలుచని కాగితం కింద సిరాగీత కనిపించినట్టు అన్నమాట.

కారణాలు

1. వంశపారంపర్యం: అమ్మకో నాన్నకో వుంటే పిల్లలకూ రావచ్చు. ఇది జబ్బు కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు.

2. నిద్ర చాలకపోవడం: ముఖం పాలిపోయి, కళ్ల కింద ఉబ్బుతుంది. 6 నుంచి 12 ఏళ్లవారికి రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి.

3. కళ్లు నలపడం: దుమ్ము, పొయ్యి పొగ, అలర్జీ వల్ల కళ్లు దురద పెడతాయి. అదేపనిగా నలిపితే ఆ చోట చర్మంలో రంగు పెరుగుతుంది. ముక్కు దిబ్బడ వేసినా కళ్ల కింద రక్తం నిలిచి నల్లబడుతుంది.

4. రక్తహీనత: రక్తం తగ్గితే ముఖం పాలిపోతుంది. అప్పుడు నలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

5. గుంట నీడ: మనిషి చిక్కిపోతే కళ్ల కింద గుంటలు పడి, వాటి నీడే నలుపులా వుంటుంది.

చిన్న పరీక్ష

అద్దం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడండి. ముఖం వెలుగువైపు ఎత్తండి. నలుపు పోతే అది నీడే. పోకపోతే కంటి కింద చర్మాన్ని వేలితో మెల్లగా లాగండి. గోధుమరంగు అలాగే వుంటే అది చర్మంలోని రంగు. నీలంగా ముదిరితే రక్తనాళాలు.

నివారణ

• దుప్పటి కింద టార్చిలైటు పెట్టి చదవొద్దు. స్టడీ అవర్లో శ్రద్ధగా చదివి వేళకు పడుకోవాలి.
• కళ్లు దురద పెడితే చన్నీళ్లతో కడుక్కోవాలి. నలపరాదు.
• రాగిజావ, తోటకూర, మునగాకు, పప్పులు, గుడ్డు వదలకుండా తినాలి. తోడుగా నిమ్మ, జామ, ఉసిరి వుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది పట్టదు.
• చెప్పులు లేకుండా దొడ్డికి పోరాదు. కొంకి పురుగులు పాదాల్లోంచి ఎక్కి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. నులిపురుగుల మాత్ర ఇచ్చిన రోజున తప్పక వేసుకోవాలి.
• వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి. మలం నల్లగా వస్తే భయం లేదు.
• సికిల్ సెల్ వున్నవాళ్లు మాత్రం డాక్టరుగారిని అడగకుండా ఐరన్ మాత్ర వేసుకోరాదు.
• పేరూ ఊరూ లేని తెల్లబడే క్రీములు కళ్ల దగ్గర రాయొద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు. అది చర్మాన్ని ఇంకా పలుచన చేస్తుంది, కళ్లకూ చేటు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. మా మాటలు పడలేక సంతలో ఒక క్రీము కొనుక్కుంది. చర్మం మండి ఎర్రబడింది గాని నలుపు పోలేదు. ఒకరోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. నర్సమ్మగారు వేలు గుచ్చి చూస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే వుంది. మన వయసు ఆడపిల్లలకు 12 అయినా వుండాలి. ఆరా తీస్తే, పరగడుపున మాత్ర వేసుకుంటే వికారమని కిటికీలోంచి పారేసేదట. సికిల్ సెల్ పరీక్ష కూడా చేశారు, లేదని తేలింది. డాక్టరుగారు చెప్పినట్టు మూడు నెలలు మందులు వాడింది. నేను రోజూ అన్నం తిన్నాక మాత్ర గుర్తు చేసేదాన్ని. రక్తం 11 దాటింది. ఇప్పుడు కబడ్డీలో నన్నే పట్టేస్తోంది.

నలుపు కొంచెం ఇంకా వుంది. వాళ్లమ్మకూ వుందట. దాంతో మాకేం పని? ఆ పేరుతో ఇప్పుడు ఎవ్వరం పిలవడం లేదు.

చెల్లెళ్లారా, ఎవరికైనా ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం వుంటే, లేదా కళ్లు పచ్చబడి కీళ్లు నొప్పులు పెడితే పేరు పెట్టి నవ్వకండి. చెయ్యి పట్టుకుని నర్సమ్మగారి దగ్గరకు తీసుకెళ్లండి.

– 10వ తరగతి విద్యార్థిని