స్కానింగ్‌లో ఏమీ లేదన్నారా? ఇలా కూర్చో, చెబుతా

“ఎమ్మారైలో అంతా నార్మల్ అన్నారు. మరి నాకెందుకిలా ఉంది?” మనలో ఎంతమందికి గొంతు దాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న ఇది! రిపోర్టు బాగుందంటే ఊపిరి పీల్చుకోవాలి కదా. మనకేమో బెంగ ఇంకా ఎక్కువవుతుంది. కాగితం మీద కనబడని జబ్బుని ఇంట్లోవాళ్ళు నమ్మరేమో, “ఊరికే ఆలోచిస్తావు, లేచి పని చూసుకో” అంటారేమో అని. ముందు ఆ బెంగ పక్కన పెట్టు చెల్లీ. డిప్రెషన్ అయినా, బైపోలార్ అయినా స్కానింగ్ చూసి తేల్చే జబ్బులు కావు. నిద్ర ఎలా ఉంది, ఆకలేస్తోందా, నచ్చిన పనుల మీద మనసు పోతోందా, ఎలాంటి ఆలోచనలు వస్తున్నాయి అని డాక్టరు మనల్నే అడిగి తెలుసుకుంటారు. గడ్డ లాంటిది ఇంకేదైనా ఉందేమోనని అనుమానం వస్తే స్కాన్ రాస్తారు. నార్మల్ అంటే ఆ వేరే జబ్బేదీ కనబడలేదని. నీ బాధ అబద్ధమని కాదు.

“అయితే మెదడులో ఏ తేడా ఉండదా?” అంటావా? ఉంటుంది, కానీ చాలా చిన్నది. చాలా దేశాల స్కాన్‌లు ఒకచోట చేర్చి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో అచ్చయింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళు 1,728 మంది, లేనివాళ్ళు 7,199 మంది. జ్ఞాపకాలు పదిలం కావడానికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సగటున 1.24 శాతం చిన్నగా కనబడింది. మళ్ళీ మళ్ళీ డిప్రెషన్ వచ్చినవాళ్ళలోనే ఆ తేడా బాగా తెలిసింది. ఇన్ని వేలమందిని కలిపితే గానీ తేలని తేడా నీ ఒక్కదాని ఫిల్ములో ఎలా కనబడుతుంది చెప్పు? ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ కలిపి సగటు తీసి ఒకే జాకెట్టు కుడితే, అది ఎవరికి పడుతుందని ఎవరు చెప్పగలరు?

ఇక మనం పైకి చెప్పుకోని ఇంకో దిగులుంది. ఏడుపు తగ్గింది, నిద్ర పడుతోంది, మందు పనిచేస్తోంది. కానీ బుర్ర మాత్రం మునుపటిలా లేదు. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతాం. తెలిసినావిడ ఎదురుపడితే పేరు గుర్తురాదు. ఆఫీసులో ఒకే మెయిల్ మూడుసార్లు చదవాల్సి వస్తుంది. “నాకు మతిమరుపు జబ్బు వచ్చేసిందా?” అని రాత్రి పడుకుని లెక్కలు వేసుకుంటాం. భయపడకు. మూడ్ జబ్బుల్లో జ్ఞాపకం, ఏకాగ్రత, పనులు వరసలో పెట్టుకునే నేర్పు దెబ్బతినడం మామూలే. మనసు తేలికపడ్డాక కూడా కొందరిలో అది కొన్నాళ్ళు మిగిలిపోతుంది. అది బద్ధకం కాదు, అశ్రద్ధా కాదు. డాక్టరుకి చెప్పాల్సిన లక్షణం. చెబుతున్నావా మరి? “బాగానే ఉన్నానండీ” అని లేచి వచ్చేస్తున్నావు కదూ! ఈసారి చెప్పు.

ఈ మిగిలిపోయిన మతిమరుపు మీదే ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఒకావిడ ఉన్నారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో కమిల్లా మిస్కోవియాక్. కిడ్నీ రోగులకు రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్‌ని వాళ్ళ బృందం మూడ్ జబ్బులున్నవాళ్ళకి వారానికోసారి, ఎనిమిది వారాలు ఎక్కించి చూసింది. విన్న మాటలు గుర్తుపెట్టుకోవడం మెరుగైంది. స్కాన్‌లలో హిప్పోక్యాంపస్‌లోని ఒక భాగానికి కూడా మేలు కనబడింది. అలాగని మందుల షాపుకి పరిగెత్తకు తల్లీ! ఆ మందుతో రక్తం చిక్కబడి గడ్డలు కట్టే ముప్పు ఉంది. పరిశోధనలో గట్టి కాపలా మధ్య ఇచ్చేది మన ఇంటి వైద్యం కాదు. నాకు వాళ్ళ రెండో ప్రయత్నమే ఎక్కువ నచ్చింది. మందు లేకుండా శిక్షణ. పది వారాలు, వారానికి రెండుసార్లు బృందంగా కూర్చుని, కంప్యూటర్ మీద కసరత్తులతో పాటు రోజువారీ పనుల్లాంటివి చేసి చూసుకోవడం. వంట, లిస్టు, ప్రయాణం ప్లాను, ఇవన్నీ మెదడుకి పనే కదా!

ఈ చికిత్సలు అందరికీ ఒకేలా పనిచేయవు. అందుకే, మొదలుపెట్టేముందు తీసిన స్కాన్‌లో నుదుటి వెనక భాగం ఎంత ఉంది, ఎలా పనిచేస్తోంది అన్నది చూసి, ఎవరికి మేలు జరుగుతుందో ముందే పట్టుకోవచ్చా అని వెతుకుతున్నారు. అమెరికాలో అట్లాంటా ఊళ్ళోని ఎమరీ యూనివర్సిటీలో హెలెన్ మేబర్గ్ బృందం కూడా ఇలాంటి ప్రశ్నే వేసింది. మాటలతో చేసే వైద్యమా, మాత్రా, ఎవరికి ఏది? ఆకారం కాకుండా, మెదడు ఎంత చక్కెర వాడుకుంటోందో చూపించే పెట్ స్కాన్ తీశారు. కుడివైపు ఇన్సులా అనే భాగంలో వాడకం తక్కువగా ఉన్నవాళ్ళు ఆలోచనల తీరు మార్చే సీబీటీతో బాగా కోలుకున్నారు. ఎక్కువగా ఉన్నవాళ్ళు ఎసిటలోప్రామ్ మాత్రతో కోలుకున్నారు. మన డాక్టర్లు కూడా తరచూ రాసే మాత్రే అది. ఈ అధ్యయనం 2013 నాటి మాట. నాకు చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఏ వైద్యం పడుతుందో ముందే తెలిసే రోజు వస్తే ఎన్ని నెలల వృథా బాధ తప్పుతుంది! కానీ వాళ్ళు పరీక్షించింది కొద్దిమందినే, స్కాన్ చూసి చికిత్స ఎంచే పద్ధతి మామూలు ఆస్పత్రుల్లోకి ఇంకా రాలేదు. కాబట్టి “మీకు ఏ వైద్యం పడుతుందో స్కాన్ తీసి చెప్పేస్తాం” అని ఎవరైనా వేలకు వేలు అడిగితే, ఆ డబ్బు మంచి కౌన్సెలింగ్‌కి దాచుకో.

మొదటి మందు పడలేదా? అందుకని నీ మెదడు పాడైందనీ, నీకు నయం కాదనీ తీర్మానం చేసేసుకోకు. అమెరికాలోనే నాలుగు వేలమందికి పైగా చేరిన స్టార్‌డీ అనే అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది దాదాపు మూడోవంతు మందే. తర్వాత మందు మార్చితేనో, ఇంకోటి కలిపితేనో మరికొందరు కోలుకున్నారు. మార్చాల్సింది డాక్టరే, నువ్వు కాదు. కాస్త బాగుందనగానే మాత్ర మానేసే అలవాటు మనకి ఎక్కువ. నాకు మాటివ్వు, మానేయనని.

మెదడు పుట్టినప్పుడు రాసిపెట్టినట్టే ఉండిపోదని కూడా గుర్తుంచుకో. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో 120 మంది పెద్దవాళ్ళలో సగం మంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల చొప్పున చురుగ్గా నడిచారు. వాళ్ళ హిప్పోక్యాంపస్ సుమారు రెండు శాతం పెరిగింది. ఊరికే ఒళ్ళు సాగదీసే కసరత్తులు చేసిన మిగతా సగం మందిలో అది తగ్గింది. వాళ్ళు డిప్రెషన్ ఉన్నవాళ్ళు కారు, నడక మందుకి బదులూ కాదు. అయినా సాయంత్రం చెప్పులేసుకుని బయల్దేరడానికి ఈ కారణం చాలదూ? మొదటి వారం వీధి చివరి దాకా వెళ్ళినా చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక చిన్న కాగితం మీద రాసుకో. ఏం మర్చిపోతున్నావు, ఏ పని దగ్గర ఆగిపోతున్నావు, ఏ మందు ఎన్నాళ్ళు వాడావు. అక్కడికి వెళ్ళాక మనకి ఏదీ గుర్తురాదు కదా. థైరాయిడ్, బీ12 చూపించుకోవాలా అని కూడా అడుగు. ఆ రెండిట్లో ఏది తగ్గినా బుర్ర మందగిస్తుంది. చెల్లెల్నో, ఆయన్నో, స్నేహితురాలినో, నీ మాట నమ్మేవాళ్ళని ఒకరిని వెంట తీసుకెళ్ళు. బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, ఆ రోజే ఎవరికైనా చెప్పి ఆస్పత్రికి వెళ్ళు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సహాయం అది. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో వినబడుతుందని మొహమాటంగా ఉంటే, బట్టలు ఆరేసే నెపంతో మేడ మీదికి వెళ్ళి మాట్లాడు. ఈలోపు పొయ్యి మాత్రం కట్టేసి వెళ్ళు.