బల్ల వెనుక కూర్చున్నవారి వెనుక ఎవరున్నారు?

సొసైటీ ఇచ్చే స్కాలర్‌షిప్ అయినా, వైద్య సహాయమైనా దాత చేతి నుంచి నేరుగా అవసరమున్నవారి చేతికి వెళ్లదు. మధ్యలో ఒక బల్ల ఉంటుంది. బల్ల వెనుక దరఖాస్తు తీసుకునే మనిషి ఉంటారు. వచ్చినవారికి సంస్థ అంటే ఆ మనిషే. కంపెనీలు ఈ పనిని కస్టమర్ సర్వీస్ అంటాయి. ఆ పని చేసేవారిని ఎలా నడిపించాలో, బడిపంతుళ్లుగా మాకు తెలిసిన భాషలో చెబుతాం.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థిని తల్లికి తోడుగా ఆదాయ ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి వెళ్లాం. కౌంటర్‌లోని కుర్రాడు మొదట బాగానే మాట్లాడాడు. "కూర్చోండమ్మా, చూస్తాను" అన్నాడు. ఇంతలో పై అధికారి లోపలి నుంచి వచ్చి, అంతకుముందెప్పుడో జరిగిన పొరపాటుకు అందరి ముందూ అతన్ని దులిపేశాడు. అయిదు నిమిషాల తర్వాత ఆ కుర్రాడే ఆమె కాగితాలు బల్ల మీద పడేసి, "రేషన్ కార్డు జిరాక్స్ లేకుండా ఎందుకొస్తారు మీరంతా?" అన్నాడు. జిరాక్స్ ఉంది, రెండో కాగితం కింద. ఆమె చూపించలేదు. "పోదాం సార్" అని లేచింది. ఆ ఏడాది పిల్ల స్కాలర్‌షిప్ గడువు దాటిపోయింది.

కుర్రాడిని తిట్టుకోవడం తేలిక. పై నుంచి తనకు వచ్చినదాన్నే అతను ఇవతలి వారికి అందించాడు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2002లో అప్పటి పశ్చిమగోదావరి కలెక్టర్ సంజయ్ జాజు హయాంలో మండల కేంద్రాల్లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. అప్పుడు జిల్లాలో 46 మండలాలు. బిల్లులు కట్టించుకోవడం, ధ్రువపత్రాల దరఖాస్తులు తీసుకోవడం వంటి పనులను పొదుపు సంఘాల మహిళలకు కూడా అప్పగించారు. పల్లెల్లో కంప్యూటరే కొత్తగా ఉన్న రోజులవి. పట్నం నుంచి ఆపరేటర్లను తెచ్చి కూర్చోబెట్టడం సులువు. అలా కాకుండా ఊరి ఆడవాళ్లను నమ్మి కుర్చీ ఇచ్చారు. నమ్మకం అంటే మాకు గుర్తొచ్చేది ఆ కుర్చీయే.

బి.ఎడ్. చదివినవారికి ఆల్బర్ట్ బండూరా పేరు తెలిసే ఉంటుంది. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో ఆయన 1977లో వివరించారు. ఇతరులు చెప్పే ప్రోత్సాహపు మాటలు కొంత పనిచేస్తాయి. అన్నిటికంటే బలమైనది మాత్రం, తానే ఒక పని పూర్తిచేసిన అనుభవం. కాబట్టి కొత్తగా వచ్చిన వాలంటీరుకు మొదటి రోజు పది రకాల ఫారాలు ఇవ్వకూడదు. ఒక్క ఫారం, మొదటి నుంచి రసీదు దాకా, అతని చేతే చేయించాలి. పెద్దవారు పక్కన కూర్చోవాలి గాని మౌస్ లాక్కోకూడదు. (మేమూ తరగతిలో సుద్దముక్క లాక్కున్నవాళ్లమే.)

మెచ్చుకోవడమూ అంతే. "బాగా చేశావమ్మా" అంటే సాయంత్రానికి మరచిపోతారు. "ఆ పెద్దాయనకు వినపడటం లేదని గమనించి కాగితం మీద రాసి చూపించావు" అంటే రేపు కూడా అలాగే చేస్తారు. మెప్పు నలుగురిలో చెప్పాలి, తప్పు తలుపు వేశాక చెప్పాలి. పొరపాటు జరిగితే వచ్చినవారితో "తప్పు మాది" అనాల్సింది బాధ్యుడు, వాలంటీరు కాదు.

ఇక నేర్చుకోవడం. ఇది ఒకసారితో అయ్యేది కాదు. 2022 ఏప్రిల్ 4న కైకలూరు ప్రాంతం కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. లంక గ్రామాలవారికి అంతకుముందు జిల్లా పని అంటే మచిలీపట్నం. పాత పత్రాల్లో ఒక జిల్లా, కొత్త ఫారంలో మరో జిల్లా. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. ఇక బల్లల దగ్గర పని తగ్గుతుందని కొందరు అనుకున్నారు. మా లెక్క వేరు. ఫోనుతో పని అయిపోయేవారు రారు. ఫోనుతో కానివారే వస్తారు. ఆధార్‌లో 'షేక్' అని, బడి రికార్డులో 'ఎస్.కె.' అని ఉన్న పిల్లల తల్లిదండ్రులు, చేపల చెరువు మీద రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవారు. అంటే బల్ల వెనుక మనిషికి ఇప్పుడు మరింత తెలిసి ఉండాలి.

ఉపాధ్యాయ శిక్షణలో సూక్ష్మబోధన అని ఒక పద్ధతి ఉంది. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. చిన్న పాఠం చెప్పాలి, చూసినవారు లోపాలు చెప్పాలి, అదే పాఠం మళ్లీ చెప్పాలి. వారానికోసారి పావుగంట చాలు. ఒకరు పేరు తేడా ఉన్న తండ్రిగా రావాలి, ఒకరు బల్ల వెనుక కూర్చోవాలి, మిగతావారు బాగున్నదొకటి, మార్చుకోవాల్సిందొకటి చెప్పాలి. వెంటనే మళ్లీ చేయాలి. మన శిక్షణ తరగతుల్లో భోజనాల వేళకు ఎగిరిపోయేది ఈ 'మళ్లీ' అన్నదే.

దాతలను ఒకటి కోరుతున్నాం. వాలంటీర్ల శిక్షణకు పెట్టే ఖర్చు ఫోటోలో కనిపించదు. అయినా దానికి కొంత కేటాయించండి. వీలైతే నెలకోసారి వచ్చి, వేదిక మీద కాదు, వచ్చినవారు కూర్చునే బెంచీ మీద అరగంట కూర్చోండి.

ఆ తల్లి మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాలు మా చేతికిచ్చి, తాను లోపలికి రాకుండా బయట వేపచెట్టు కిందే కూర్చుంది.