వేలిముద్ర వెయ్యకముందు

అక్కలారా, మన దేవరకొండ వైపు తండాలు మీకు తెలుసు. కరువు నేల. అక్కడ పసిపిల్లలను దళారులు కొన్న సంగతి 1999లో, మళ్ళీ 2001లో బయటపడింది. ఎక్కువమంది ఆడపిల్లలే. వాళ్ళను హైదరాబాదు శిశుగృహాలకు చేర్చారు. కొందరు అక్కడినుంచి విదేశాలకు దత్తత పోయారు.

విదేశం పోవాలంటే కాగితాలు కావాలి. మొదటిది తల్లి కాగితం. "నా బిడ్డను వదులుకుంటున్నాను" అని అందులో ఉంటుంది. చదువు రాని తల్లులు వేలిముద్ర వేశారు. ఏం రాసి ఉందో వాళ్ళకు చదివి చెప్పిందెవరు? మిగతా కాగితాలన్నీ దానిమీదనే నిలబడ్డాయి. సంస్థలు ఇట్లా రాయించుకోవడాన్ని 2001లో ప్రభుత్వం ఆపించింది.

ఇప్పుడు 2015 చట్టం ఉంది. బిడ్డను సాకలేని తల్లి జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు పోవాలి. దళారి గానీ, ఆసుపత్రివాళ్ళు గానీ విడిగా రాయించుకుంటే చెల్లదు. సమితి ముందు సంతకం పెట్టినా 60 రోజుల గడువుంది. ఈలోపు మనసు మారితే బిడ్డను వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకే కాగితం మీద తారీఖు చూడండి. నకలు అడగండి. రోజులు లెక్కపెట్టండి.

గడువు దాటినాకనే దత్తత మాట. ముందు మన దేశంవాళ్ళను చూస్తారు. విదేశీయులకైతే ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ ఒప్పుకోలు పత్రం కావాలి. దత్తత ఉత్తర్వు ఇదివరకు కోర్టు ఇచ్చేది. 2022 నుంచి కలెక్టరు ఇస్తున్నారు. ఆ తర్వాతే పాస్‌పోర్టు.

ఇన్ని కాగితాల్లో తల్లికి డబ్బిచ్చే కాగితం ఒక్కటీ లేదు. డబ్బు చూపిస్తే అది అమ్మకమే. అమ్మినా కొన్నా ఐదేళ్ళదాకా జైలు. ఎవరైనా అట్లా వస్తే 1098కి ఫోను చెయ్యండి.

ఈ మాటలు పాఠంలో వెతికి రాయండి: సంతకం, తారీఖు, నకలు, గడువు.