టిప్పు సుల్తాను లేఖలు – చరిత్ర విద్యార్థికొక పాఠం

ఒక సేనాని ఎట్టివాడో తెలిసికొనుటకు ఆస్థాన కవుల ప్రశంసలకన్న అతడు వ్రాయించిన ఉత్తరాలే నమ్మదగిన ఆధారాలని సాధారణంగా భావిస్తారు. ఈ భావన ఎంతవరకు సమంజసమో టిప్పు సుల్తాను లేఖలను పురస్కరించుకొని పరిశీలించుట మా ఉద్దేశం.

1799 మే 4న శ్రీరంగపట్టణం కోట కూలినది. సుల్తాను పోరాడుతూ నేలకొరిగినాడు. ఆయన దఫ్తరంలోని పారశీక పత్రాలు, గ్రంథాలయంలోని సుమారు 2,000 సంపుటాలు ఆంగ్లేయుల వశమైనవి. అంతకు పూర్వం హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న విలియం కిర్క్‌పాట్రిక్ ఆ లేఖలలో కొన్నింటిని ఏరి, ఆంగ్లంలోనికి అనువదించి 1811లో లండనులో ప్రకటించినాడు.

వాటిలో 1785 నాటి నరగుంద ముట్టడి గురించి బుర్హానుద్దీనుకు పంపిన ఆజ్ఞలున్నవి. పట్టుపురుగుల పెంపకాన్ని గురించిన ఉత్తరువులు కూడా ఉన్నవి. యుద్ధం నడుపుతూనే సుల్తాను పరిశ్రమలను గురించి యోచించినాడని దీనివల్ల తెలుస్తున్నది. ఆయన ఆజ్ఞపై జైనుల్ ఆబిదీన్ షూస్త్రీ రచించిన 'ఫతహుల్ ముజాహిదీన్' అనే పారశీక గ్రంథం సైనిక శిక్షణకు నియమావళి. అగ్నిబాణాలను ప్రయోగించే భటులకు ఆ సైన్యంలో ప్రత్యేక స్థానముండేది. ఈ గ్రంథకర్త సోదరుడే మీర్ ఆలం. హైదరాబాదులో నేటికీ ఒక చెరువు ఆయన పేర నిలిచి ఉన్నది. 1799లో నిజాము సేనతో శ్రీరంగపట్టణంపై నడచినవాడు ఆయనే. అన్నదమ్ములు చెరొక కొలువున ఉండిన కాలమది!

అయితే కిర్క్‌పాట్రిక్ తన పీఠికలో సుల్తానును క్రూరునిగా, పరమత ద్వేషిగా చిత్రించినాడు. లేఖలు సుల్తానువే, కాని ఎన్నిక, అనువాదం, వ్యాఖ్యానం మాత్రం విజేతవి. ఒక శతాబ్దానికి పైగా పలువురు ఈ గ్రంథాన్నే ప్రమాణంగా గైకొన్నారు.

1916లో మైసూరు పురావస్తు శాఖాధికారి ఆర్. నరసింహాచార్ శృంగేరి మఠంలో సుల్తాను కన్నడ లేఖలను కనుగొన్నాడు. 1791లో మరాఠా దండు మఠాన్ని దోచుకొన్నప్పుడు, శారదాదేవి పునఃప్రతిష్ఠకు ధనసహాయం చేయవలసినదని సుల్తాను తన అధికారిని ఆజ్ఞాపించినట్లు వాటివల్ల విదితమవుతున్నది. కిర్క్‌పాట్రిక్ గ్రంథం మాత్రమే చదివినవానికి ఈ సంగతి తెలియదు.

ఇంత మాత్రాన, కొడగు, మలబారు ప్రజలపై సుల్తాను జరిపిన కఠిన చర్యలను మనం మరుగుపరచరాదు. అనుకూలమైన వాటినే ఏరుకొన్నచో, కిర్క్‌పాట్రిక్‌కు మనకు భేదమేమి? అభిమానం వేరు, చరిత్ర వేరు.

విద్యార్థులారా! ఏ లేఖ చదివినా మూడు ప్రశ్నలు వేసికొనండి: దీనిని ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో వ్రాసినారు? దీనిని ఎన్నుకొన్నదెవరు? విడిచిపెట్టినవి ఎట్టివి? వీటికి సమాధానం మూలభాష నెరిగినవారికే సులభం. ఉర్దూ లిపి నేర్చిన మీకు పారశీకం దూరపు భాష కాదు. ఇళ్ళలోని పాత పెట్టెలలో చెదలు తింటున్న కాగితాలను పారవేయక ముందు ఒకమారు చదివి చూడవలసినదని మా మనవి.