చీజ్ పళ్లెం చప్పబడితే

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. డిసెంబర్ విందులో చీజ్ పళ్లెం పెడితే రబ్బరు ముక్కల్లా ఉందన్నారు. ఈసారి ఎలా సర్దాలి?

జవాబు: తప్పు చీజ్‌ది కాదండీ, ఫ్రిజ్‌ది. చల్లదనానికి అందులోని కొవ్వు గట్టిపడి వాసన, రుచి బయటికి రావు. వడ్డనకు గంట ముందే తీసి, మూతపెట్టి ఉంచండి. మూడు రకాలు చాలు: మెత్తని బ్రీ, గట్టి చెడ్డార్, ఘాటైన స్టిల్టన్. మనిషికి 75 గ్రాములు లెక్క. ముక్కలు తరగొద్దు, ఎండిపోతాయి. మొరటు చెక్క పలక మీద గడ్డలుగానే పెట్టి కత్తులు పక్కనుంచండి. తోడుగా ఆపిల్, అక్రోటు, తేనె, కాల్చిన బ్రెడ్. చెడ్డార్‌కి ఆవకాయ కూడా నప్పుతుంది, నవ్వకండి! శాకాహారులుంటే ఇటలీ పార్మెజాన్ వద్దు. దాని తయారీలో దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. చీజ్ బయటపెట్టాక రెండు గంటలు దాటకముందే మళ్లీ ఫ్రిజ్‌లోకి చేర్చండి. గర్భిణులు మెత్తని చీజ్ తినేముందు డాక్టర్ని అడగాలి. అక్రోటు తిని ఎవరికైనా పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే 911కి ఫోన్ చేయండి.