గ్లాసు సంగతి ముందు, గొంతు సంగతి తర్వాత

యానాం నుంచి ఉద్యోగం మీద పుదుచ్చేరి వచ్చి తేంగాయితిట్టులో ఇల్లు తీసుకున్న కొత్తలో, మా అమ్మాయి ఊరి పేరు విని "కొబ్బరికాయని తిట్టడమేంటమ్మా?" అని అడిగింది. తమిళంలోనూ తిట్టుకి మన అర్థం ఉంది కానీ, ఈ పేరులో అది నీళ్ల మధ్య లేచిన దిబ్బ. మన గోదావరి లెక్కలో కొబ్బరి లంక. ఒక పక్క మడ చెట్లు, ఇంకో పక్క చేపల రేవులో పడవలు. కోరంగి చూసిన కళ్లకి పెద్ద కొత్తేమీ కాదు. ఈ వీధుల్లోనే పెరిగిన ఆ పిల్ల, పద్నాలుగో ఏట వాళ్ల మామ్మని నిజంగానే తిట్టింది. ఆ రోజు తల్లిగా నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకూడదని ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో పని చేసే ఆవిడ తమిళావిడ. ఆవిడకి టీ పోసే స్టీలు గ్లాసు పెరట్లో, పంపు పక్క గూట్లో ఉండేది. తాగి, తనే కడుక్కుని, మళ్లీ అక్కడే బోర్లించి వెళ్లేది. ఆ ఏర్పాటు మా అత్తగారిది. ఒక ఆదివారం యానాం నుంచి చుట్టాలు వచ్చి ఉండగా మా అమ్మాయి ఆ గ్లాసు పట్టుకొచ్చి హాల్లో అందరి మధ్యా పెట్టి, "ఇది అంటరానితనం కాదా మామ్మా? నువ్వు చేసేది నేరం, తెలుసా?" అని అరిచింది. బళ్లో అప్పుడే రాజ్యాంగం 17వ అధికరణం చెప్పారు. మా అత్తగారి మొహం ఎర్రబడింది. "మా అమ్మ నాటి నుంచీ ఇంతే. మా అమ్మకి తొమ్మిదో ఏట పెళ్లయింది. ఏం, బతకలేదా? అన్నీ మార్చేద్దామనే మీకు!" అన్నారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

నేనేం చేశాను? "పెద్దవాళ్లతో మాట్లాడే తీరేనా అది? వెళ్లి మామ్మకి క్షమాపణ చెప్పు" అన్నాను. చెప్పింది. మర్నాడు పొద్దున్న జడ వేస్తుంటే అద్దంలోంచి నన్నే చూస్తూ, "నువ్వు నా గొంతు గురించి మాట్లాడావు. గ్లాసు గురించి మాట్లాడలేదు" అంది.

గ్లాసు గూట్లోనే ఉంది మరి.

పిల్లలు ఇలా నిలదీసినప్పుడు మనం ముందు మర్యాద నేర్పడానికి పూనుకుంటాం. మర్యాద కావలసిందే, నాకూ దాని మీద గౌరవం ఉంది. కానీ పిల్ల ఎత్తిన సంగతి పక్కన పెట్టి గొంతు ఒక్కటే సరిదిద్దితే, మర్యాద అంటే నోరు మూయించే పనిముట్టని తనకి అర్థమవుతుంది. ఆ తర్వాత మీరు ఎంత మంచి పద్ధతి చెప్పినా చెవికెక్కదు. అందుకని ముందు "నువ్వు చెప్పింది నిజం" అని ఒప్పుకోండి. ఒప్పుకోవడంతో ఆగకుండా గ్లాసు సంగతి తేల్చండి. చెప్పిన తీరు గురించి ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఆ తీరు గురించి మేమిద్దరం చాలా రోజులు మాట్లాడుకున్నాం. రేవు వైపు నడకకి వెళ్లినప్పుడల్లా అదే మాట. ముందు తేలింది నా సంగతే. జీతం తెచ్చేది నేను, టీ పెట్టేది నేను, ఆ గ్లాసులో ఏళ్ల తరబడి పోసింది నా చెయ్యే. మా అత్తగారు ఆ పద్ధతిని నోటితో సమర్థించారు, నేను మౌనంగా నడిపించాను. మార్చగలిగే వీలు ఆవిడ కన్నా నాకే ఎక్కువ. అయినా నింద మొత్తం ఆవిడ మీద పడింది, నేను మాత్రం చుట్టాల మధ్య కూర్చుని కూతురికి సంస్కారం చెప్పాను. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలని గట్టిగా అనేవాళ్లు పిల్లల కంటికి తొందరగా కనపడతారు. నోరు విప్పకుండా నడిపించేవాళ్లు తప్పించుకుపోతారు. ఎవరినైనా తప్పు పట్టేముందు 'ఈ ఏర్పాటు రేపు ఆగిపోవాలంటే ఎవరి చేతిలో ఉంది?' అని అడగడం పిల్లలకి నేర్పండి. ఆ వేలు మీ వైపే తిరిగితే తప్పుకోకండి.

ఇక ఆ తొమ్మిదో ఏటి పెళ్లి. యానాం వాళ్లకి దాని వెనక కథ తెలుసు. శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే బ్రిటిష్ ఇండియాలో నేరం. యానాం ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉండేది కనుక ఆ చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల బ్రిటిష్ గ్రామాల వాళ్లు పిల్లల్ని తీసుకుని సరిహద్దు దాటి వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవారు. మా ఊరికి కల్యాణపురం అని పేరు పడింది అందుకే. వినడానికి ఎంత శుభంగా ఉంటుందో, వెనక అంత బాధ ఉంది.

ఆ పెళ్లిళ్లలో ఒకటి మా అత్తగారి తల్లిది. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పినప్పుడు అది చాలాసేపు మాట్లాడలేదు. మామ్మ ఆ రోజు "బతకలేదా?" అన్నది ఆచారం కోసం కాదని అప్పుడు తట్టింది. ఆచారం తప్పంటే, తన తల్లి బతికిన బతుకంతా తప్పన్నట్టు ఆవిడకి వినపడింది. అందుకే ఆవిడ తల్లిని వెనకేసుకొచ్చారు. చట్టం తెలిసి, దాన్ని తప్పించుకోవడానికే ఎల్ల దాటించి తొమ్మిదేళ్ల పిల్లని పీటల మీద కూర్చోబెట్టిన పెద్దమనుషులు వేరు, ఆ పీటల మీద కూర్చున్న పిల్ల వేరు. ఆ పిల్ల పెద్దదై, ముసలిదై "మా కాలంలో అంతే, బాగానే ఉన్నాం" అన్నా కూడా వేరే. ఎల్ల దాటించిన వాళ్లని ఎంత గట్టిగా తప్పు పట్టినా నాకు అభ్యంతరం లేదు, అలాంటి చోట గొంతు తగ్గించమని పిల్లలకి చెప్పను. పీటల మీద కూర్చున్న మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రం ముందు అడగాలి, ఆవిడ చెప్పేది విన్నాకే మనం మాట్లాడాలి.

అలాగని అత్తగారి గ్లాసు ఒప్పైపోదు. అనుభవించిన బాధ ఇంకొకరి మీద పెత్తనానికి హక్కు ఇవ్వదు. ఆ మాట కూడా పిల్లకి చెప్పాను, లేకపోతే జాలి పేరుతో మళ్లీ మౌనంలోకే పోతాం.

ఇంకొకటి. ఒక విషయంలో అడ్డం నిలబడ్డ మనిషిని పూర్తిగా కొట్టిపారెయ్యనివ్వకండి. గిడుగు రామమూర్తి గారు బళ్లలో వాడుక భాష రావాలని పోరాడినప్పుడు, గ్రాంథికం పక్షాన గట్టిగా నిలిచినవారిలో జయంతి రామయ్య పంతులు గారు ముఖ్యులు. ఆయన వాదన నెగ్గి ఉంటే నేనిలా రాయగలిగేదాన్ని కాదు. కానీ ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి, పిఠాపురం రాజావారి అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువుకి పూనుకున్నదీ ఆయనే. వాడుక భాషలో రాసేవాళ్లు కూడా మాట కోసం ఆ నిఘంటువు తీస్తారు. మామ్మ విషయమూ అంతే. మా అమ్మాయికి అన్నప్రాశన నుంచి ఎక్కాల దాకా అన్నీ మామ్మ ఒడిలోనే జరిగాయి. "నువ్వు చేసేది తప్పు" అనడానికీ "నువ్వింతే" అనడానికీ ఉన్న దూరం పిల్లలకి చూపించాలి. మొదటి మాట తర్వాత మనిషి మారడానికి చోటుంటుంది. "మీ తరం అంతా ఇంతే" అన్నాక ఆ మనిషి దేనికి మారాలి?

అన్నిటికన్నా ఆలస్యంగా నాకు తట్టిన సంగతి చెప్తాను, నన్ను ఎక్కువ కుదిపింది ఇదే. మా అమ్మాయి ఆ గ్లాసు హాల్లో పెట్టి అరిచినప్పుడు, పని చేసే ఆవిడ వంటింటి గుమ్మంలోనే ఉంది. తెలుగు మాటలు అందకపోయినా గ్లాసు అర్థమైంది. తల వంచుకుని, పని సగంలో వదిలి వెళ్లిపోయింది. అందరూ మామ్మ పరువు గురించీ, పిల్ల ఆవేశం గురించీ మాట్లాడుకున్నారు. ఆ అవమానం ఎవరిదో ఆవిడ గురించి ఎవరూ అడగలేదు. ఎవరి తరఫున మాట్లాడుతున్నామో వాళ్లని నలుగురిలో సాక్ష్యంగా నిలబెట్టకూడదు. ఈ ఒక్క మర్యాద మాత్రం కోపంలో ఉన్న పిల్లలకి కూడా గట్టిగానే నేర్పండి. మామ్మని అడగాలంటే మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు, పక్కన కూర్చుని అడగొచ్చు. చుట్టాల మధ్య అడిగితే ఆవిడకి మిగిలేది పంతం ఒక్కటే.

తర్వాతి సోమవారం నుంచి ఆవిడకీ టీ మా అందరి గ్లాసుల్లోనే ఒకదాంట్లో పోశాను. ఎందుకు మారుస్తున్నానో ముందు రాత్రే మా అత్తగారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆవిడ అనుమతి అడగలేదు, ఆవిడకి తెలియకుండానూ చెయ్యలేదు. పని చేసే ఆవిడ గ్లాసు పట్టుకుని ఒకసారి లోపలి గది వైపు చూసింది, తర్వాత తాగింది. ఇన్నాళ్లూ అలా ఇచ్చినందుకు నా వచ్చీరాని తమిళంలో క్షమించమన్నాను. మా అమ్మాయి కూడా ఆ రోజు ఆవిడని అలా నలుగురిలో నిలబెట్టినందుకు క్షమాపణ చెప్పుకుంది.

మా అత్తగారు ఆ రోజు నుంచి తన గ్లాసు ఒక్కటీ తీసుకెళ్లి తన గదిలో పెట్టుకున్నారు. మా అమ్మాయి దాని మీద కూడా వాదానికి దిగబోతే వద్దన్నాను. గూట్లో ఇప్పుడు బట్టల సబ్బు పెడుతున్నాం.