సైనికుని రొమ్ముపై రంగులు

మేడ్చలునకు పడమట దుండిగల్లు వద్ద భారత వాయుసేన అకాడమి కలదు. 1967వ సంవత్సరమున నాటి రాష్ట్రపతి జాకీర్ హుసేన్ గారు దానికి శంకుస్థాపన గావించిరి. శామీర్‌పేటకు పోవు బాటలో హకీంపేట వాయుసేన స్థావరమున్నది. కావున ఈ ప్రాంతపు బాలబాలికలకు సైనికాధికారులు క్రొత్తవారు కారు. జూన్, డిసెంబరు నెలలలో దుండిగల్లున జరుగు కవాతునకు మన సేనాధిపతులు వత్తురు. మిత్రదేశముల అధికారులును అప్పుడప్పుడు వచ్చుచుందురు. వారి రొమ్ములపై వరుసలు తీరియుండు రంగురంగుల పట్టీలను మీరు చూచియే యుందురు. "ఎన్ని పట్టీలో అన్ని యుద్ధములు గెలిచినాడు" అని ప్రక్కవారు చెప్పగా వినియు నుందురు. అది నిజము కాదు. తొమ్మిదేండ్లు కొలువు చేసినందుకు ఇచ్చినదియు, స్వాతంత్ర్యమునకు ఇరువదియైదేండ్లు నిండినపుడు ఇచ్చినదియు ఆ పట్టీలలోనే యుండును.

పతకమును లాంఛన దినములందు మాత్రమే వ్రేలాడదీయుదురు. తక్కిన దినములందు దాని రిబ్బను ముక్క మాత్రమే చొక్కాపై నుండును. అందుచేత పతకము నెరుగుటకు ముందు రిబ్బను నెరుగవలెను. పరమవీరచక్రమునకు ఊదారంగు. మహావీరచక్రమునకు సగము తెలుపు, సగము నారింజ. వీరచక్రమునకు సగము ముదురు నీలము, సగము నారింజ. పసుపు రిబ్బనుపై ఒక నీలిచార యున్న పరమ విశిష్ట సేవా పతకము, రెండున్న అతి విశిష్ట సేవా పతకము, మూడున్న విశిష్ట సేవా పతకము. చారలు పెరిగినకొలది స్థాయి తగ్గును. చాలమంది దీనిని తలక్రిందులుగా గ్రహింతురు.

వరుసను చదువుట సులభము. పట్టీలు ఎడమ రొమ్మున నుండును. గొప్పది చొక్కా గుండీల వైపున మొదట నుండును. ఎదుట నిలిచి చూచువానికి అది మన తెలుగు పంక్తివలె ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి సాగును. మన దేశపు ఏర్పాటులో స్వదేశ పతకములు ముందు వచ్చును. కామన్వెల్తు దేశములవి, ఇతర దేశములవి చిట్టచివర నిలుచును.

ఈ నియమము తెలియనివాడు సామ్ మానెక్‌షా గారి చిత్రమును చూచి ఏమనుకొనునో ఆలోచింపుడు. ఆయన 1942 ఫిబ్రవరిలో బర్మాలోని సిట్టాంగు నది వంతెన కడ జరిగిన పోరులో జపానువారి గుండ్లకు ప్రాణాంతకముగా గాయపడెను. సేనాపతి కోవన్ తన మిలిటరీ క్రాసు రిబ్బనునే తీసి ఆయన రొమ్మున గ్రుచ్చెనని చెప్పుదురు. ఆ పతకము ఆయనకు దక్కినది. తెలుపు, ఊదా, తెలుపు చారలుగల ఆ చిన్న పట్టీ, 1973లో ఫీల్డు మార్షలైన ఆయన వరుసలలో, తొమ్మిదేండ్ల సేవకిచ్చు పట్టీకిని వెనుక నుండును! చావునకు ఎదురేగి సంపాదించినది, ఏండ్లు గడిచినందున వచ్చినదానికి వెనుకబడుట అన్యాయమని కొందరందురు. నాకట్లు తోచదు. స్వతంత్రదేశపు సైనికుడు తన దేశ మిచ్చినదానిని ముందుంచుకొనుట సహజమే. వరుస పతకమిచ్చిన దేశమును బట్టి యుండును గాని ధైర్యమును తూచదు. కడపటి పట్టీని సైతము ఆగి చదువవలసినది ఇందుచేతనే.

ఇక పరదేశ బిరుదముల మాట. 1802లో నెపోలియను స్థాపించిన ఫ్రాన్సు దేశపు లీజియన్ ఆఫ్ ఆనర్‌నకు అయిదు అంతస్తులు కలవు. అయిదింటికిని రంగు ఎరుపే. షెవాలియరునకు ఉత్త రిబ్బను. ఆఫీసరునకు రిబ్బనుపై గుండ్రని పూముడి. కమాండరునకు పతకము మెడలో వ్రేలాడును. ఆపైవారికి రొమ్ముపై నక్షత్రము, అత్యున్నత శ్రేణివారికి భుజముమీదుగా వెడల్పైన పట్టీయు వచ్చును. అనగా రంగు జాతిని చెప్పును, ధరించు తీరు అంతస్తును చెప్పును. 1942లో ఏర్పడిన అమెరికావారి లీజియన్ ఆఫ్ మెరిట్‌నకు తెల్లని అంచుల ఎరుపు రిబ్బను. స్వతంత్ర భారతపు తొలి భారతీయ సైన్యాధిపతి కరియప్ప గారికి అధ్యక్షుడు ట్రూమన్ దానియందు అత్యున్నతమైన చీఫ్ కమాండరు శ్రేణి నొసగెను. విక్టోరియా క్రాసు రిబ్బను కూడ ఎరుపే. కాని అది కెంపు చాయ కలది, దానిపై చిన్న కంచు శిలువ యుండును. ఎరుపు చూచినంతనే తొందరపడరాదు.

పరదేశ బిరుదమును ఎవరికి తోచినట్లు వారు పుచ్చుకొనుటకు వీలులేదు. రాజ్యాంగములోని 18వ అధికరణము భారత పౌరుడు విదేశ రాజ్యమునుండి బిరుదు స్వీకరింపరాదనుచున్నది. ప్రభుత్వోద్యోగి విదేశ రాజ్యమునుండి కానుకగాని, జీతముగాని, పదవిగాని పొందవలెనన్న రాష్ట్రపతి సమ్మతి యుండవలెను. పేరునకు ముందు చేరు 'సర్' వంటి బిరుదు వేరు, రొమ్మున ధరించు పతకము వేరు. ఈ భేదమును మరువకుడు.

రంగులు తెలిసినను పాత ఛాయాచిత్రములు మోసగించును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున వాడుకలోనుండిన ఫిల్ములు ఎరుపును గ్రహింపజాలవు. వానిలో ఎరుపు నల్లగాను, నీలము తెల్లగాను పడును. హైదరాబాదు, మైసూరు, జోధపూరు సంస్థానముల ఆశ్వికులు ఆ యుద్ధమున పాలస్తీనాకు పోయిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి వారి స్మారకమే. అట్టివాని పటము ఎవరి యింటనైన నున్నచో, రంగును ఊహించుటకంటె చారల సంఖ్యను, వెడల్పును కొలుచుట మేలు.

పతకమే చేజిక్కినచో పని మరింత తేలిక. ఆ యుద్ధమునకు బ్రిటిషు ప్రభుత్వమిచ్చిన గుండ్రని వెండి పతకపు అంచును త్రిప్పి చూడుడు. సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళము అందు చెక్కబడి యుండును. మన యిండ్లలో పండుగకు ఇత్తడి పాత్రలతోపాటు అట్టి పతకములను చింతపండుతో తోమివేయుట కలదు. ఏటేట అట్లు చేసినచో మొదట అరిగిపోవునవి ఆ అంచున గల అక్షరములే.